కావలియుఁ బూచీయు

విశాఖపట్టణమున నిప్పుడు వన్ టౌన్ అని వ్యవహరింపఁబడుచున్న పాతయూరిలోఁ గోటవీధి యను వీధి కలదు. కోట లేదు, పేరు నిలిచినది. ఆ కోట రాజు కట్టించినది కాదు. బట్టలు కొని యోడల కెక్కించు వర్తకసంఘ మొకటి తన సరకును దొంగలనుండియు దండులనుండియుఁ గాచుకొనుటకై గిడ్డంగి చుట్టును గోడ పెట్టి, గోడవెంబడి జీతపుబంట్లను నిలిపెను. కాలక్రమమున గిడ్డంగి కోట యయ్యెను. వర్తకులే యేలిక లైరి. నేఁడు మరల నా వీధులలోనే, కురుపాం మార్కెటు దుకాణముల మెట్లమీఁదను, బ్యాంకుల వాకిళ్లయందును, రేవునకుఁ బోవు బాటలలోని గిడ్డంగులయొద్దను, జీతమునకుఁ గుదిర్చిన కావలివారు రాత్రి యెల్లఁ గూర్చుండి యుందురు. రాజులను గూర్చియు దండనాథులను గూర్చియు మనము వ్రాసినది చాలఁ గలదు. వాకిటి కావలివానిపై దృష్టి నిలుపుట యరుదు.

ఈ వ్యాసమున విచారింపఁదలఁచినది యొక్కటియే. కావలి యున్నచోట సొమ్ము పోయినయెడల నా నష్ట మెవరిది? కావలి యెవఁడు కాచె నన్న ప్రశ్నకుఁ జరిత్రమున వేర్వేఱు కాలములందు వేర్వేఱు సమాధానములు దొరకుచున్నవి గాని, పూచీ యెవఁడు పడె నని యడిగినప్పుడే యీ దేశమున నేరవిచారణ మాఱిన తీరు స్పష్టముగాఁ గనఁబడునని నాకుఁ దోఁచుచున్నది.

ముందుగా శబ్దములను జూతము. నాగార్జునకొండలోని యిక్ష్వాకు శాసనములందు ‘మహాతలవర’ బిరుదము వహించిన ప్రభువులు కనఁబడుచున్నారు. క్రీ. శ. 3వ, 4వ శతాబ్దముల నాఁటి మాట యిది. రాజకుటుంబపు స్త్రీలు వీరికి భార్యలై యుండుటచే నది గొప్ప పదవియే యనవలెను. తలవర, తలవరి, తలారి యను రూపములకు సంబంధము కలదని పెక్కుర మతము. శబ్దసామ్యమును బట్టి పదవులును నొక్కటియే యని తేల్చుట మాత్రము సాహసము. కావ్యములలో రాత్రివేళ పురవీధులఁ దిరిగి దొంగలను బట్టు వారికి ఆరెకు లని పేరు. పల్లెలలోఁ దలారి యే నిలిచెను. ఆ తలారియే తరువాతి వాడుకలో నురితీయువాఁడయ్యెను. ఇక్ష్వాకుల నాఁటి ప్రభువు బిరుదముతోఁ బుట్టువు కలసిన మాట, ఊరికావలికి దిగి, యటనుండి యురికొయ్యకుఁ బోయినది. మాటలకును గ్రహచారములు గలవు కాఁబోలు!

కావలివాని పూచీకి ధర్మశాస్త్రమున స్పష్టమైన విధి కలదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునఁ జెప్పఁబడిన దిది: గ్రామమున హత్యగాని చౌర్యముగాని జరిగి, దొంగజాడ యూరు వెడలినట్లు కనఁబడనిచో దోషము గ్రామభర్తది, బీడుభూమిలో జరిగినచో నా బీటి రక్షకునిది, బాటలో జరిగినచోఁ జౌరోద్ధర్తది. పొలిమేరలోపలఁ బోయిన సొమ్మును గ్రామమే యిచ్చుకొనవలెను. లేదా జాడ యే యూరఁ జొచ్చెనో యా యూరివా రియ్యవలెను. ఊరికిఁ గ్రోశమునకు వెలుపల జరిగినచో నయిదు గ్రామములుగాని పది గ్రామములుగాని కలసి యియ్యవలెను. కౌటిల్యుఁడును గ్రామముల నడుమఁ బోయిన సొమ్మును వివీతాధ్యక్షునిచేతను, వివీతము కానిచోటఁ జోరరజ్జుకునిచేతను ఇప్పింపుమనెను. చోరులు హరించిన ద్రవ్యమును రాజు ప్రజకు నియ్యవలె నని యాజ్ఞవల్క్యుఁడే వేఱొకచోట విధించెను. మితాక్షర ననుసరించి 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమును రచించుటచే నీ వ్యవహారధర్మము తెనుఁగునఁ జదువుకొనువారికిని నందుబాటులోనికి వచ్చినది.

ఈ విధిలోని నేర్పు గమనింపఁదగినది. దండన దొంగకు, నష్టము కావలివానికి. కావలివాఁడు తన నెత్తిమీఁదినుండి యా నష్టమును దింపుకొనవలె నన్నచోఁ జేయఁదగిన పని యొక్కటియే యున్నది: అడుగుజాడను బట్టుకొని పొలిమేర దాఁటించి, పొరుగూరివాని కప్పగించుట. అప్పుడు పొరుగూరివాఁడు తన పొలిమేర దాఁటించుటకై వెదకును. ఇట్లు సొమ్ము పోఁగొట్టుకొన్నవాఁడు నిద్రించినను జాడ నిద్రింపదు. నేరపరిశోధనకు వేఱుగా నుద్యోగులను నియమింపక, పూచీచేతనే పరిశోధన జరిపించు నుపాయ మిది.

పల్లెలలో నీ ధర్మ మెట్లు నడచెనో యాంగ్లేయుల వ్రాఁతలవలనను గొంత తెలియుచున్నది. 1812లో నింగ్లండు పార్లమెంటు సభకు సమర్పింపఁబడిన యయిదవ నివేదికయందు గ్రామోద్యోగులను వర్ణించుచు, నేరముల యానవాలు దీయుటయు, నొకయూరినుండి యింకొకయూరికిఁ బోవు బాటసారులకుఁ దోడుపోవుటయుఁ దలారి పని యనియు, తోటి పని యూరిలోపలిదే యనియు వ్రాసిరి. తలారికి జీతము లేదు, మాన్యము కలదు, కళ్ళమున మేర కలదు. పంట పండిననే యతనికిఁ గూడు. దత్తమండలములలోను, దానికి దక్షిణమున పాళెగాండ్ర సీమలలోను కావలి రుసుము తీసికొనువాఁడు దొంగసొమ్మునైనను దేవలెను, దాని వెలనైనను నియ్యవలెను అను కట్టుబాటు కలదు.

ఈ యేర్పాటును బొగడుట నా యుద్దేశము కాదు. కంచే చేను మేసిన సందర్భములు కొల్లలు. రుసుము ఇయ్యని యూరిమీఁదికిఁ దామే దొంగలను దోలి, పిమ్మటఁ గావలికిఁ గుదిరిన పాళెగాండ్రు కలరు. దొంగను బట్టుటకు దొంగ తావు లెఱిఁగినవాఁడు కావలెను. ఎఱిఁగినవానికి వారితోడఁ బొత్తు కుదురుట కష్టము కాదు. మఱియు నొక యన్యాయము: కావలికిఁ గుదిర్చిన కొన్ని కులములనే దొంగలని నిందించుట పరిపాటి యయ్యెను. 1871లో బుట్టి, తరువాతి సవరణచే 1911లో మదరాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్ట మా నిందకు శాసనరూప మిచ్చెను. అది 1952 నాఁటికి దేశమంతటఁ దొలఁగింపఁబడినను నింద పూర్తిగాఁ దొలఁగె ననలేము.

ఇఁక విశాఖపట్టణమునకు వత్తము. ఇంగ్లీషు వర్తకసంఘమువారు 17వ శతాబ్దపుఁ జివరిభాగమున నిచ్చట కోఠీ పెట్టిరి. పోలీసు లేదు, ఉన్న ఫౌజుదారు గోలకొండను జయించిన మొగలుల వాఁడు. 1689లో ఔరంగజేబునకును వర్తకసంఘమునకును యుద్ధము జరుగుచుండఁగా మొగలు సేనలు కోఠీని బట్టుకొని యందలి దొరలను జంపెను. ఆ పిదప కోఠీ మరల నెలకొని, గోడలు బలిసెను, బంట్లు పెరిగిరి. 1757లో బుస్సీ దానిని స్వాధీనము చేసికొనెను. వర్తకుఁడు తన డబ్బుతోఁ దన సొమ్మును గాచుకొనుటయే యీ యూరి నవీనచరిత్రకు మొదలు. ఆ వర్తకునకే 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానువలన నుత్తరసర్కారులు దక్కెను. సొంతకావలి యెక్కడ ముగిసెనో, ప్రభుత్వ మెక్కడ మొదలయ్యెనో యా గోడమీఁద గీఁత గీచి చూపుట యెవరితరమును గాదు.

ఆ కావలివారే యొకనాఁడు తిరుగఁబడిరి. హైదరాలీ కర్ణాటకముపై విజృంభించిన సంవత్సరమున, 1780 అక్టోబరు 3వ తేదీని, ఇచ్చటి సిపాయిలను మదరాసునకుఁ బోవుటకై యోడ యెక్కుమని యాజ్ఞాపింపఁగా వారు నిరాకరించి, దొరలపైఁ గాల్చి, కొందఱను జంపి, ఖజానా దోఁచుకొని వెడలిపోయిరి. 1857 నాఁటి పితూరీని గూర్చి బడిపిల్లలకుఁ జెప్పుచున్నాము. దానికి డెబ్బదియేడేండ్లకు ముందు మన పాతయూరిలో జరిగిన దానిని జెప్పుట లేదు. పరదేశమునకుఁ బోవుట తమ యొప్పందము కాదను భావము సిపాయిలకుఁ గలదు. కావలికిఁ గుదిరినవాఁడు జీతమునకు బదులుగా నెంతవఱకుఁ గట్టువడి యున్నాఁడను ప్రశ్న యా నాఁడే పుట్టినది.

1794లో పద్మనాభమున విజయరామరాజు పడిపోయిన పిదప నీ మండలమున వర్తకసంఘమున కెదురు లేకపోయెను. 1802లో శాశ్వతపరిష్కారముతోఁ బాటు జమీందారులకుఁ గల పోలీసు అధికారమును దొలఁగించి, జిల్లాకోర్టుల క్రింద దారోగాలను నియమించిరి. జమీందారు పేష్కషు చెల్లించినఁ జాలును. దొంగను బట్టనక్కఱలేదు, పోయిన సొమ్ము నిచ్చుకొననక్కఱలేదు. శాంతిరక్షణ మాదే యని ప్రభుత్వము ప్రకటించెను. దారోగాలు పల్లె యెఱుఁగనివారు, ఏర్పాటు కలసిరాలేదు. మన్రో దొర మొదలగువారి విచారణానంతరము 1816 నాఁటి 11వ రెగ్యులేషనుచేత గ్రామపెద్దయుఁ దలారియు మరల పోలీసు పనికిఁ బిలువఁబడిరి. కాని యీ తలారి వేఱు. పేరు పాతది, మాన్యము పాతది. యజమాని మాత్రము కలెక్టరు. ఆ కాలపు పోలీసు చేసిన చిత్రహింసలపై విచారించిన సంఘము 1855లో నివేదిక యిచ్చెను. సొమ్ము చూపుమని కొట్టుటయు, శిస్తు కట్టుమని కొట్టుటయు నొక్క చేతి పనియే యని తేలినపిదప, 1859లో మదరాసు జిల్లా పోలీసు చట్టము వచ్చెను. రాబిన్సను దొర తొలి యినస్పెక్టరు జనరలు.

ఇది మేలైన మార్పే, కాదనుట కృతఘ్నత. అయినను నా మార్పులో జాఱిపోయిన దొకటి కలదు. రాజు కావలిని దీసికొనెను గాని కావలితోఁ గూడిన పూచీని దీసికొనలేదు. పోలీసు వెదకును, దొరకినచో కోర్టుద్వారా నిచ్చును, దొరకనిచోఁ దన బొక్కసమునుండి యియ్యదు. చోరహృతద్రవ్యమును రాజే యియ్యవలె నన్న స్మృతివాక్యము క్రొత్త శాసనపుస్తకములలోనికిఁ జేరలేదు. 2008 నాఁటి సవరణచే బాధితులకుఁ బరిహార మిచ్చు పథక మేర్పడినది నిజమే. అది పునరావాసము కావలసినవారి నుద్దేశించినది. గిడ్డంగిలోని బస్తాల నుద్దేశించినది కాదు. ఆ పైని 1865 నాఁటి పట్టణాభివృద్ధి చట్టము క్రింద మునిసిపాలిటీల పౌరులు తమ పన్నులనుండి పోలీసు వ్యయములో భాగమును మోయవలసి వచ్చెను. అనఁగా రుసుము మిగిలినది, పూచీ పోయినది.

మన్యమున మాత్ర మింకొక తీరు నడచెను. 1839 నాఁటి చట్టముచే విశాఖపట్టణము, గంజాము మండలముల కొండప్రాంతములు సామాన్యన్యాయస్థానముల యధికారమునుండి తప్పింపఁబడి, కలెక్టరే యేజంటై పాలించెను. అచ్చట ముఠాదారులు తమ ముఠాలలో నేరముల సమాచార మిచ్చుటకును, పోలీసునకుఁ దోడ్పడుటకును గట్టువడియే భూము లనుభవించిరి. భూమికిఁ గావలి బదులు, కావలికి భూమి బదులు: పాత లెక్కయే యిది. 1879లో రంపపితూరీ లేచుటకుఁ జిగురుపన్నుతోఁ బాటు క్రిందినుండి వచ్చిన పోలీసుల దౌర్జన్యమును గారణమయ్యెను. దీనిని బట్టి, పాత కావలిని దీసివేయక దానిమీఁదఁ గ్రొత్త పోలీసును బెట్టుట రెండింటి చెడుగును గలుపుట యని చెప్పవచ్చును. ముఠాదారీపద్ధతి 1969లో రద్దయినది. మైదానమున కరణము, మునసబు పదవులు 1984లోఁ బోయినవి. తలారి మాత్రము పేరు మార్చుకొని గ్రామసేవకుఁడై, రెవెన్యూ సహాయకుఁడై మిగిలెను. దొంగజాడ తీయుట యతని పనులలో నిప్పుడు ముఖ్యము కాదు.

రేవు 1933లోఁ దెఱవఁబడుటతో విశాఖపట్టణమునకుఁ గావలి యవసరము వందరెట్లయినది. 1941లో నోడల కర్మాగారమునకు రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి, 1948లో నెహ్రూగారు ‘జలఉష’ను నీటిలోనికి విడిచిరి, 1971లో నుక్కుకర్మాగారమునకు నిందిరాగాంధిగారు శంకువు నాటిరి. ఇంత సొత్తు సామాన్యపోలీసుచేతఁ గాచుట సాధ్యము కాదు. అందుచేఁ గేంద్రప్రభుత్వము 1968 నాఁటి చట్టముచేఁ బారిశ్రామిక భద్రతాదళమును గల్పించెను. రేవునకును నుక్కుకర్మాగారమునకును నా దళమే కావలి. ఆ దళపువాఁడు ప్రభుత్వోద్యోగి. చట్ట మిచ్చిన యధికారముతోఁ బట్టుకొనఁగలఁడు, వెదకఁగలఁడు. కర్చు మాత్రము కాపు పొందు సంస్థదే. 2009 నాఁటి సవరణచే వెల చెల్లించు ప్రైవేటు సంస్థలకును నీ దళము నంపవచ్చు ననిరి. ఒకప్పుడు వర్తకుని బంటు రాజసేవకుఁ డయ్యెను. ఇప్పుడు రాజసేవకుఁడు వెలకు వర్తకుని వాకిట నిలువవచ్చును. చక్రము పూర్తిగాఁ దిరిగినది.

ఆ దళమునకు వెల చెల్లింపలేని చిన్నవారి వాకిట నిలుచువాఁడు వేఱు. వానిని గూర్చినదే 2005 నాఁటి ప్రైవేటు భద్రతాసంస్థల క్రమబద్ధీకరణ చట్టము. సంస్థకు లైసెన్సు కావలెను. పదునెనిమిదేండ్లు నిండి యఱువదియైదేండ్లు దాఁటనివాఁడే కావలికిఁ దగును. పోలీసు దుస్తులవంటివి, సైనికుల దుస్తులవంటివి తొడుగరాదు. 2006 నాఁటి కేంద్ర నమూనా నియమములు తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ మనుచు, అందు శిక్షాస్మృతి, యాత్మరక్షణహక్కు, ప్రథమసమాచారము నిచ్చు విధానము మొదలగువాని స్థూలజ్ఞానమును జేర్చెను. బాగుగనే యున్నది. చదువునంత యధికార మిచ్చిరా? లేదు. వన్ టౌన్ కావలివాఁడు దొంగను బట్టిన నే హక్కుతోఁ బట్టును? దారిఁబోవు దానయ్యకుఁ గల హక్కుతోనే. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన నాగరిక సురక్షాసంహిత 40వ ప్రకరణమును బట్టి, పోలీసు వారెంటు లేకుండఁ బట్టఁదగినదియు జామీను హక్కు లేనిదియు నగు నేరమును దన కన్నులయెదుటఁ జేసినవానిని, లేక ప్రకటితాపరాధిని, ఎవరైనను బట్టుకొని యాలస్యము లేకుండ నాఱు గంటలలోపలఁ బోలీసున కప్పగింపవచ్చును. ఇవి గాక కావలివాని కని ప్రత్యేకాధికార మేమియు లేదు. సోదాకు హక్కు లేదు. ప్రశ్నించినచో జవాబు చెప్పవలె నన్న నిర్బంధము లేదు. నేరవిచారణయం దతని పాత్ర సాక్షిపాత్ర. వచ్చినవారి పేళ్లు పుస్తకమున వ్రాయుటయు, దీపస్తంభముమీఁది కెమెరాబొమ్మలను గాపాడుటయు, తెల్లవాఱి స్టేషనుకుఁ బోయి చూచినది చెప్పుటయు నతని పని.

అధికారము సామాన్యుని దైనచోఁ బూచీయు సామాన్యుని దే కావలెను. ఇచ్చటనే చిత్రము. 1936 నాఁటి వేతనముల చెల్లింపుచట్టము 7వ ప్రకరణమునఁ, గాపాడుటకై స్పష్టముగా నప్పగించిన సరకు పనివాని యశ్రద్ధవలనఁ బోయినచో దాని నష్టమును జీతమునుండి కోయవచ్చునని యుండెను. 2019 నాఁటి వేతనస్మృతియు దీనిని నిలిపినది. కోయుటకు ముందుగా నతని సమాధానము వినవలె నన్న నియమము కలదు. చదివినప్పుడు నేను కొంత యాశ్చర్యపడితిని. యాజ్ఞవల్క్యుని విధి రాజులను దాఁటి, జమీందారులను దాఁటి, పోలీసును దాఁటి, వేతనచట్టములో నొక యుపప్రకరణమై దాఁగియున్నది. భేద మేమనఁగా, నాఁటి గ్రామభర్తకుఁ భూమి కలదు, మేర కలదు, జాడ తీయుటకుఁ బొలిమేరవఱకు నధికారము కలదు. నేఁటివానికి నెలజీతము కలదు.

పాతయూరి గిడ్డంగి యొకదానిలోఁ గొన్నియేండ్ల క్రిందట బస్తాలు పోయినవి. కావలివాఁడు శ్రీకాకుళము వైపునుండి వచ్చిన ముదుసలి. పోలీసువారు ముందుగా నతనినే మూఁడుమార్లు పిలిపించిరి. నే నా వీధినిఁ బోవుచు నడిగితిని. “నానేటి సేత్తాను బాబూ, నాను గేటుకాడున్నాను, సరుకు గోడెనకనుంచి పోనాది” అనెను. గోడవెనుక మట్టినేల, అంతకుముందురాత్రి వాన కురిసినది. అడుగుజాడ లుండి యుండును. వాని నెవరును జూచినట్లు లేదు. అతనిని నియమించిన సంస్థవారు రెండునెలల జీతము నాపి, వేఱొకనిని బంపిరి. అతఁడు వంకరయక్షరములతో నింపిన రాకపోకల పుస్తకమును మాత్రము సాక్ష్యమునకై స్టేషనునకుఁ దీసికొనిపోయిరి.